బెల్టు రంధ్రాలు, కొవ్వు కణాలు: వయసు వల్ల లావా, లావు వల్ల వయసా?

#1 పాతబెల్టు
నా దగ్గర ఇరవై రెండేళ్ల నాటి తోలు బెల్టు ఒకటుంది. నా చరిత్రంతా దాని రంధ్రాల్లోనే ఉంది. మొదటి రంధ్రం ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది, పెళ్లయిన ఏడాదికే దాన్ని వదిలేశాను కాబట్టి. మూడోది సాగిపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది, అక్కడ చాలాకాలం ఆగాను. ఇప్పుడు చివరిది కూడా చాలక మొన్న మేకు కాల్చి ఇంకోటి పొడిచాను.

విచిత్రమేంటంటే గత పదేళ్లలో నేను పెరిగింది నాలుగు కిలోలే. నాలుగు కిలోలకి మూడు రంధ్రాలా? తిండి మారలేదు, పొద్దున్నే నడక మారలేదు. వయసు 53. షుగర్ ఇంకా రాలేదు గానీ బోర్డర్‌లో ఉందంటున్నారు. డాక్టర్ గారిని అడిగితే "వయసు కదండీ" అని రిపోర్టు మడిచి చేతిలో పెట్టారు. మా బావమరిదేమో "వయసు వల్ల లావు కాదు బావా, లావు వల్లే వయసు మీద పడుతోంది" అంటాడు. ఎవరిది రైటు? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. డైట్ చార్టులు మాత్రం వద్దు, ఇప్పటికే ఫోన్ నిండా ఉన్నాయి.

#2 నడకమనిషి
ఇందులో విడమరిచేదేముంది అన్నా. ముప్పై దాటగానే మెటబాలిజం పడిపోతుంది. ఇరవైలో తిన్నంతా యాభైలోనూ తింటే మిగిలింది పొట్టలో చేరుతుంది. తిండి తగ్గించు. టాపిక్ క్లోజ్.

#3 కణశాల
అప్పుడే క్లోజ్ చేయకండి నడకమనిషి గారూ. నేనూ 2021 దాకా అదే నమ్మాను, పిల్లలకి పాఠం కూడా అలాగే చెప్పాను. ఆ ఏడాది సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం పేపర్ వచ్చింది. ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల ముసలివాళ్ల దాకా, 29 దేశాల్లో 6,400 మందికి పైగా, రోజుకి ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో కొలిచారు. ఏం తిన్నారో అడిగి రాసుకున్న లెక్క కాదది (ఆ లెక్కలు నమ్మలేం, నేను తిన్నదాంట్లో సగం నేనే మర్చిపోతాను). మామూలు హైడ్రోజన్, ఆక్సిజన్‌కన్నా బరువైన వాటి రూపాలు (ఐసోటోపులు) కలిపిన నీళ్లు తాగించి, అవి ఎంత వేగంగా బయటికి పోతున్నాయో మూత్రంలో చూశారు.

మనిషి సైజునీ, ఒంట్లో కండ ఎంతుందన్నదాన్నీ లెక్కలోంచి తీసేస్తే 20 నుంచి 60 వరకు గీత బల్లపరుపుగా ఉంది. అరవై దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున దిగుతోంది. కాబట్టి పాతబెల్టు గారు మెటబాలిజం మీద నెపం వేయడానికి ఇంకా ఏడేళ్లు టైముంది :)

#4 పాతబెల్టు
అంటే నేనే ఎక్కువ తింటున్నానని మర్యాదగా చెప్తున్నారా మేడమ్? మా ఆవిడ ఇది చదివి తెగ నవ్వుతోంది.

#5 కణశాల
ఆవిడకి నా నమస్కారాలు. కొంత అదీ అయ్యుండొచ్చు. కానీ మీ బెల్టు చెప్పే కథ అంతకన్నా పెద్దది.

ముందు నాలుగు కిలోల సంగతి. బరువు తూచే మిషన్‌కి కండకీ కొవ్వుకీ తేడా తెలియదు. పదేళ్లలో మూడు కిలోల కండ కరిగి ఏడు కిలోల కొవ్వు చేరినా అది "నాలుగు" అనే చూపిస్తుంది. కరిగేది తొడల్లోంచి, భుజాల్లోంచి. చేరేది నడుం దగ్గర. బెల్టుకి తెలిసింది మిషన్‌కి తెలియలేదు, అంతే.

ఇక కొవ్వు కణాలు. 2008లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఓ తమాషా పద్ధతి వాడారు. 1950లు, 60ల తొలి ఏళ్లలో బహిరంగంగా పేల్చిన అణుబాంబుల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది. 1963 ఒప్పందం తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పుడు దాని డీఎన్ఏలో ఆ ఏటి కార్బన్ గుర్తు పడిపోతుంది, చెట్టు కాండంలో వలయంలా. అలా కొవ్వు కణాల వయసు లెక్కగడితే, ఏటా పదింట ఒకటి చచ్చిపోయి దాని చోట కొత్తది వస్తోందని తేలింది. పెద్దయ్యాక మొత్తం సంఖ్య మాత్రం దాదాపు మారదు. బరువు తగ్గించే సర్జరీ చేయించుకుని బాగా సన్నబడినవాళ్లలో కూడా సంఖ్య తగ్గలేదు, ఒక్కో కణం చిక్కిపోయిందంతే.

అదే కార్బన్ గుర్తుతో 2019లో ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే ఇంకో పని చేశారు. 54 మందిని సగటున 13 ఏళ్లు గమనించి, కణంలో దాచిన కొవ్వు ఎంత వేగంగా బయటికి వెళ్తోందో చూశారు. వయసు పెరిగేకొద్దీ అందరిలోనూ ఆ వేగం తగ్గింది, సన్నబడినవాళ్లలో కూడా. గోడౌన్‌లోకి వచ్చే సరుకు అంతే, బయటికి మోసే కూలీలు నెమ్మదించారు. దానికి తగ్గట్టు తిండి తగ్గించుకోనివాళ్లు సగటున 20 శాతం బరువెక్కారు. "తిండి అదే, నడక అదే" అన్న మీ మాట నిజమే కావచ్చు. లోపల మాత్రం అన్నీ అలాగే లేవు.

#6 రాత్రిడ్యూటీ
పొట్ట దగ్గరే ఎందుకు చేరుతుందో కూడా చెప్పు కణశాలా. నేను నర్సుని, నాకు 51. పీరియడ్స్ ఆగే ముందు ఏడాది నుంచే మొదలైంది నాకు. అప్పటిదాకా ఏది వచ్చినా తుంటికే వచ్చేది. ఇప్పుడు తుంటి వదులు, నడుం టైటు. ఒకే ప్యాంటులో ఇద్దరు మనుషులున్నట్టుంది.

#7 కణశాల
అక్కా, భలే చెప్పావు! ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్లూ కొవ్వు తుంటి, తొడల చర్మం కింద దాక్కుంటుంది. అది తగ్గగానే చిరునామా మారి పొట్ట లోపలికి, పేగుల చుట్టూ చేరుతుంది. మగవాళ్లకి ముందునుంచీ అదే అలవాటు.

ఇంకో కారణం కూడా ఉంది. చర్మం కింద కొత్త కొవ్వు కణాలుగా మారాల్సిన మూలకణాలకి వయసుతో ఓపిక తగ్గుతుంది. అక్కడ చోటు దొరక్క మిగిలిన కొవ్వు లివర్‌లోకి, కండల మధ్యకి, గుండె చుట్టూ వెళ్లి కూర్చుంటుంది. అది దానికి కేటాయించిన చోటు కాదు. షుగర్ బోర్డర్ అనేది ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. అందుకే ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరికి రిపోర్టులు శుభ్రంగా ఉంటాయి, ఇంకొకరికి అన్నీ ఎర్ర అక్షరాలే.

#8 సందేహాలపుట్ట
ఇప్పటిదాకా చెప్పింది ఒక వైపే. వయసుతో లావవుతాం, ఒప్పుకున్నాను. బావమరిది గారి మాట సంగతేంటి? లావుగా ఉన్నవాళ్లకి షుగర్, బీపీ, గుండెజబ్బు వస్తాయి, అవి జబ్బులు. "ముసలితనం" అనే పెద్ద మాట ఎందుకు? హెడ్డింగ్ కోసం తప్ప?

#9 కణశాల
సరైన ప్రశ్న. మాటల్లో చెప్పేకన్నా నేను కళ్లారా చూసేది చెప్తాను.

ఆరోగ్యంగా ఉన్న కొవ్వుని పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే సబ్బు నురగలా ఉంటుంది. ఒకదానికొకటి ఆనుకున్న బుడగలు, ఒక్కోటి మిల్లీమీటరులో పదోవంతు. బుడగ నిండా ఒకే నూనెచుక్క, కేంద్రకం పాపం ఓ మూలకి నొక్కుకుపోయి ఉంటుంది. స్థూలకాయం ఉన్న మనిషి కొవ్వులో బుడగలు పెద్దవవుతాయి, కానీ ముందు కంటపడేది అది కాదు. అక్కడక్కడా ఒక బుడగ చచ్చిపోయి, దాని చుట్టూ చిన్న చిన్న కణాలు దండ గుచ్చినట్టు మూగి ఉంటాయి. అవి మాక్రోఫేజులు, చెత్త ఎత్తే తెల్లకణాలు. వాటి సంఖ్య సన్నటి ఎలుక కొవ్వులోని కణాల్లో 10 శాతం లోపు, బాగా బలిసినదాంట్లో 50 శాతం పైన. ఒక్కో నూనెచుక్క తినలేనంత పెద్దది కాబట్టి పని తెమలదు, అవి వదిలే మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే రసాయనాలు రోజంతా రక్తంలోకి వెళ్తూనే ఉంటాయి. టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే అలాంటి ఒక రసాయనం కొవ్వులోంచే వస్తోందనీ, ఇన్సులిన్ పనిని చెడగొడుతోందనీ 1993లోనే తేల్చారు.

ఇప్పుడు సన్నగా ఉన్న 80 ఏళ్ల మనిషి రక్తం తీసుకోండి. తక్కువ మోతాదులో అదే మంట, చాలావరకు అవే రసాయనాలు. క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో దానికి పెట్టిన పేరు "ఇన్‌ఫ్లమేజింగ్", మంటనీ ముసలితనాన్నీ కలిపిన మాట. ముసలితనం అనే పెద్ద మాట వాడేది అందుకే. దారులు రెండు, చేరే చోటు ఒకటి.

ఇంకొకటి. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపించారు కదా, మనిషి కణం సీసాలో సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతుందని. ఆగిపోయినవన్నీ చావవు. కొన్ని రిటైరయ్యాక కూడా ఆఫీసుకొచ్చి అందరి పనీ చెడగొట్టేవాళ్లలా అక్కడే కూర్చుని పక్క కణాల మీద విషం కక్కుతుంటాయి. వీటినే జాంబీ కణాలంటున్నారు. వయసుతో కొవ్వులో ఇవి పేరుకుంటాయి. లావు వల్ల, వయసు రాకముందే పేరుకుంటాయి.

#10 సందేహాలపుట్ట
"రెండు చోట్లా అదే కనిపించింది" అంటే ఒకటి రెండోదానికి కారణమని కాదు. గొడుగులున్న రోజే వాన పడుతుంది, గొడుగు వల్ల కాదు. కొవ్వు తీసేస్తే ఆయుష్షు పెరిగిందని చూపించండి, నమ్ముతాను.

#11 పాతకాగితం
రిటైరైన మాస్టర్ని, ఈ గొడవ ఇష్టంగా చదువుతున్నాను. పుట్ట గారు అడిగినది ఎలుకల్లో చేశారు. 2003లో అమెరికాలోని జాస్లిన్ డయాబెటిస్ సెంటర్‌లో రోనాల్డ్ కాన్ బృందం ఒక్క కొవ్వు కణాల్లో మాత్రమే ఇన్సులిన్ గ్రాహకం (ఇన్సులిన్ సందేశాన్ని అందుకునే ప్రోటీన్) లేని ఎలుకల్ని తయారుచేసింది. అవి తిండి ఏమీ తగ్గించలేదు, వాటి బరువుతో పోలిస్తే ఎక్కువే తిన్నాయి. అయినా కొవ్వు పట్టలేదు, సగటున 18 శాతం ఎక్కువ బతికాయి. తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని కార్నెల్‌లో మెక్‌కే 1935లోనే చూపించాడు. అందులో మేలు చేసింది తిండి తగ్గడమా, కొవ్వు తగ్గడమా అని చాలాకాలం తేలలేదు. ఈ ఎలుకలు కొవ్వు వైపు ఒక ఓటేశాయి. 2008లో ఇంకో ల్యాబ్‌లో ఎలుకల పొట్టలోని కొవ్వుని ఆపరేషన్ చేసి తీసేస్తే అవీ ఎక్కువకాలం బతికాయి. తిండి తగ్గించినవాటంత మాత్రం కాదు.

అన్నీ ఎలుకలే, ఆ మాట నేనే ముందు అనేస్తున్నాను.

#12 నడకమనిషి
అయితే ఇంకేం, లైపోసక్షన్ చేయించుకుంటే సరి. పొద్దున్నే లేచి నడవడం దేనికి? నా పేరు కూడా మార్చుకుంటా.

#13 రాత్రిడ్యూటీ
అదీ చేసి చూశారు తమ్ముడూ. 2004లో 15 మంది ఆడవాళ్లకి చర్మం కింది కొవ్వు దాదాపు పది కిలోలు లాగేశారు. పది పన్నెండు వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరు, బీపీ, రక్తంలో మంట గుర్తులు ఎక్కడివక్కడే! అదే పది కిలోలు తిండి, నడకతో తగ్గితే రిపోర్టులు మారిపోతాయి. తీసింది చర్మం కిందిది, పీడించేది లోపలిది. పైగా మిగిలిన కణాల సైజు మారదుగా. నీ పేరు అలాగే ఉంచుకో.

#14 కణశాల
అక్క మాటకి ఒక తోక. కొవ్వుని విలన్ చేయకండి. పుట్టుకతోనే కొవ్వు కణాలు లేనివాళ్లుంటారు, లైపోడిస్ట్రఫీ అంటారు, చాలా అరుదు. చూడ్డానికి కండలు తిరిగిన మనుషుల్లా ఉంటారు. కానీ చిన్న వయసులోనే తీవ్రమైన షుగర్, లివర్ నిండా కొవ్వు. దాచుకోవడానికి గోడౌనే లేకపోతే సరుకంతా వీధిలో పడ్డట్టు. లావైనవాళ్లకి గోడౌన్ నిండిపోయింది, ముసలివాళ్లకి పాతబడింది, వీళ్లకి అసలు లేదు. ముగ్గురి రక్తపరీక్షలూ ఒకే వైపు మొగ్గుతాయి. నన్నడిగితే ఈ థ్రెడ్ మొత్తంలో అసలు విషయం ఇదే. ఎన్ని కిలోలున్నాయన్నదాని కన్నా, దాచే కణం ఇంకా పని చేస్తోందా లేదా అన్నది ముఖ్యం.

#15 పాతబెల్టు
రెండు రోజులుగా ఆఫీసులో కూడా ఇదే చదువుతున్నాను. బావమరిది తన సాక్ష్యం పంపాడు: లావుగా ఉంటే టెలోమియర్లు తరిగి తొమ్మిదేళ్లు ముందే ముసలవుతామట. నిజమేనా? టెన్షన్ పెడుతున్నాడు.

#16 కణశాల
అది 2005లో లాన్సెట్‌లో వచ్చింది. 1,122 మంది ఆడవాళ్ల తెల్లకణాల్లో టెలోమియర్ల పొడవు, అంటే క్రోమోజోముల చివరి తొడుగుల పొడవు కొలిచారు. సన్నటివాళ్లతో పోలిస్తే స్థూలకాయుల్లో తరిగిన పొడవు 8.8 ఏళ్ల వయసుకి సమానం. అది గుంపు సగటు. మీ ఆయుష్షులోంచి ఎవరో తొమ్మిదేళ్లు కోసుకుపోయారని కాదు. ఒకే వయసువాళ్లలోనే ఈ పొడవులు ఎంత తేడాగా ఉంటాయంటే, ఒక మనిషికి దాన్ని చూసి జాతకం చెప్పడం కుదరదు.

నాకు దానికన్నా 2014 నాటి స్టీవ్ హోర్వాత్ లెక్క నచ్చుతుంది. డీఎన్ఏ మీద పడే రసాయన గుర్తుల్ని బట్టి కణజాలం వయసు చెప్పే గడియారం ఆయనది. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) పది పాయింట్లు పెరిగితే లివర్ 3.3 ఏళ్లు ముదురుతోంది. రక్తంలో, కండలో ఆ తేడా కనబడలేదు. మనిషంతా ఒకేసారి ముసలవడన్నమాట, ఒక్కో అవయవానికీ ఒక్కో క్యాలెండర్ ఉంది. సర్జరీ తర్వాత వేగంగా సన్నబడినా, కొన్ని నెలల్లో లివర్ గడియారం వెనక్కి తిరగలేదు.

#17 సందేహాలపుట్ట
లివర్ సంగతి ఒప్పుకుంటున్నాను, అది కొలిచిన చోటు చెప్పి మరీ మాట్లాడింది కాబట్టి. టెలోమియర్ దగ్గర నేను ఇంకా నేనే.

#18 కొత్తగావచ్చా
హలో అందరికీ. జాంబీ కణాల్ని చంపే మాత్రలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మా నాన్నగారికి 71, లావుగా ఉంటారు. ఇవ్వొచ్చా? ఎవరైనా వాడారా?

#19 నిర్వాహకులు
ఇక్కడ మందుల పేర్లు, డోసులు, అమ్మే లింకులు పెట్టకూడదని గుర్తుచేస్తున్నాం. శాస్త్రం మాట్లాడుకోండి. మందు సంగతి నాన్నగారి డాక్టర్‌తో.

#20 కణశాల
శాస్త్రమే మాట్లాడతాను. 2018లో మేయో క్లినిక్ వాళ్లు కొవ్వులోంచి తీసిన మూలకణాల్ని జాంబీలుగా మార్చి, కుర్ర ఎలుకల్లోకి కొద్దిగా ఎక్కించారు. కొన్ని వారాల్లోనే వాటి పట్టు సడలింది, నడక మందగించింది. రెండు మందులు కలిపి ఇచ్చి ఆ కణాల్ని తీసేస్తే తేరుకున్నాయి. మనుషుల్లో 2019లో అవే రెండూ మూడు రోజులపాటు తొమ్మిది మందికి ఇస్తే వాళ్ల కొవ్వులో జాంబీలు తగ్గాయి. తొమ్మిది మంది, ఒకే జబ్బువాళ్లు, పోల్చి చూడ్డానికి మందు ఇవ్వని గుంపు కూడా లేదు. పైగా అందులో ఒకటి బ్లడ్ క్యాన్సర్ మందు. ఆన్‌లైన్ సీసాలో ఏముందో ఎవరికి తెలుసు? గాయం మానడానికి కూడా ఈ జాంబీ కణాలు కొంత పనికొస్తాయి, అందరినీ ఊచకోత కోయడం మంచిదో కాదో తేలాలి. ప్లీజ్, నాన్నగారికి ఇవ్వకండి.

#21 నడకమనిషి
మరి ఇప్పుడు అందరూ వేసుకుంటున్న బరువు తగ్గే ఇంజెక్షన్లు? కొవ్వు తగ్గితే వయసు కూడా తగ్గుతుందిగా?

#22 రాత్రిడ్యూటీ
ఇది నేను చెప్తా, వార్డులో రోజూ చూసేది.

ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లూటైడ్ పెద్ద ట్రయల్‌లో 68 వారాలకి సగటున 14.9 శాతం బరువు తగ్గింది, చిన్న విషయం కాదు. కానీ కొందరికి స్కాన్ తీసి చూస్తే, తగ్గినదాంట్లో దాదాపు 40 శాతం కొవ్వు కానిది, అందులో కండా ఉంది. ఆపేశాక ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే, పోయిన కండ అంత తేలిగ్గా రాదు. నలభైలో ఉన్నవాళ్లకి ఆ కండ ఎలాగోలా పూడుతుంది. డెబ్బైలో పూడదు.

మా వార్డులో ఒక పెద్దాయన, 76. బీఎంఐ 24, కాగితం మీద బంగారం. బాత్రూమ్ కమోడ్ మీద నుంచి లేవలేక గోడకున్న రాడ్‌ని రెండు చేతులా పట్టుకుని, మూడుసార్లు ఊగి, నాలుగోసారి లేచేవాడు. పిక్కలు పుల్లల్లా, పొట్ట మాత్రం కుండ. పైకి సన్నం, లోపల లావు. సార్కోపీనిక్ ఒబేసిటీ అని రాశారు కేసు షీట్‌లో. ఇంట్లోవాళ్లు "నాన్న సన్నబడ్డారు, మంచిదే కదా" అన్నారు. ముసలితనంలో ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే మేం సంతోషించం, ఎందుకో వెతుకుతాం. అరవై అయిదు దాటినవాళ్లు బీఎంఐ ఒక్కటే పట్టుకుని వేలాడొద్దు. వెన్ను కుంగి ఎత్తు తగ్గితే ఆ లెక్కే తప్పిపోతుంది.

#23 పాతకాగితం
కండ డెబ్బైలో పూడదన్న మాటకి చిన్న సవరణ, అమ్మా. దానంతటది పూడదు, నిజమే. 1990లో మరియా ఫియాటరోన్ అనే డాక్టర్ సగటు వయసు 90 ఉన్న పదిమంది వృద్ధాశ్రమవాసుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. సరదా బరువులు కాదు, వాళ్లు ఎత్తగలిగినదాంట్లో 80 శాతం దాకా. చివరిదాకా ఉన్న తొమ్మిది మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. నేను 68లో ఇది చదివి మొదలుపెట్టాను. మొదటి నెల మోకాళ్లు తిట్టాయి.

#24 రాత్రిడ్యూటీ
ఒప్పుకున్నాను మాస్టారూ, మా ఫిజియో కూడా అదే అంటుంది. పాతబెల్టు గారూ, మీకో పని. చేతులు ఛాతీకి కట్టుకుని, కుర్చీలోంచి అయిదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. ఎన్ని సెకన్లో చూడండి. పెద్దవాళ్లలో 15 దాటితే కాళ్ల బలం తక్కువని లెక్క. అమ్మగారుంటే ఆవిడకి పక్కన ఎవరైనా నిలబడి, కుర్చీ గోడకి ఆనించి చూడండి.

#25 పాతబెల్టు
చేశాం. నాకు 11 సెకన్లు. మా ఆవిడకి 9, అది చెప్పకపోతే ఊరుకోదు. బావమరిది వీడియో కాల్‌లో చేస్తూ మూడోసారికి ఫోన్ కింద పడేశాడు.

అమ్మకి 79. సన్నగా ఉంటుంది, ఎప్పుడూ "నాకేం, నేను గాలికి కొట్టుకుపోతాను" అంటుంది. నేను పక్కన నిలబడ్డాను. మొదటిసారి చేతులు కట్టుకుని లేవలేకపోయింది. "కుర్చీ బాగా లోతు" అంది. కుర్చీ మార్చాను. అయిదుసార్లకి 24 సెకన్లు, చివరిది నా చెయ్యి పట్టుకునే. ఇన్నాళ్లూ నా బెల్టు చూసుకుంటూ కూర్చున్నాను.

మాస్టారూ, మీరు మొదటి నెలలో ఎంత బరువుతో మొదలుపెట్టారో మెసేజ్ పెడతారా?

#26 పాతకాగితం
అసలు బరువే లేదు బాబూ. అదే కుర్చీ. ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించి, తర్వాత రోజుకి మూడు విడతలు. కుర్చీ లోతుగా ఉంటే దిండు వేయండి. నెల తర్వాత దిండు తీసేయండి.